బ్రేకు బొంబాయిలో, ఆట కళింగపట్నంలో

నెట్‌వర్కు ఉద్యోగాల్లో కొత్తగా చేరే పిల్లలు అప్పుడప్పుడు విజయనగరంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు మొహమాటపడి, "మేడం, ఏ కోర్సు చేస్తే పైకొస్తాం?" అని అడుగుతారు. "ముందు బస్సెక్కడం నేర్చుకోండి" అంటాను. రిటైరయ్యాక ఈవిడకి చాదస్తం పట్టుకుందనుకుని నవ్వేసి, ఇంకో కాఫీ తాగి వెళ్ళిపోతారు. అది చాదస్తం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. వచ్చినవి తక్కువ, అవీ వేరేవాళ్ళు వద్దంటే నాకు వచ్చినవి. టెలిఫోన్ల కాలంలో చేరి, ఆఖరికి ఒక ప్రైవేటు ఇంటర్నెట్ కంపెనీలో తేలాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో లైన్లు ఎక్కడ తెగినా తిట్లు తినే ఉద్యోగం నాది. అలాంటి నా నెత్తిన, మోకాళ్ళ నొప్పులు మొదలైన వయసులో, వీడియో గేములు తెచ్చి పెట్టారు.

మబ్బు కాదు, ఏసీ గది

క్లౌడ్ అనగానే జనం ఆకాశంలోకి చూస్తారు. మా కంపెనీ వాళ్ళ ప్రకటనలో కూడా నీలాకాశం, తెల్ల మబ్బులు ఉండేవి. నిజానికి క్లౌడ్ అంటే ఎక్కడో ఒక ఏసీ గది. అందులో వరసగా కంప్యూటర్లు. కాపలావాడికి కూడా స్వెట్టరు కావాలి, అంత చల్లగా ఉంటుంది.

మామూలు గేము పెట్టెలో ఆట ఆ పెట్టెలోనే నడుస్తుంది. కొత్త ఆట వస్తే పాత పెట్టె మోయలేదు, ఇంకో పెట్టె కొనాలి. మేం తెచ్చిన పద్ధతిలో ఆట నడిచేది ఆ ఏసీ గదిలో. ఇక్కడ టీవీ పక్కన అరచేతిలో పట్టే చిన్న పెట్టె ఉంటుంది. మీరు మీట నొక్కితే ఆ కబురు గదికి వెళుతుంది, అక్కడ ఆట కదులుతుంది, బొమ్మ వెనక్కి వస్తుంది. కొత్త ఆటలు వచ్చినప్పుడు అక్కడి యంత్రాలు మార్చుకుంటారు, ఇక్కడి పెట్టె అలాగే ఉంటుంది. మంచి ఆలోచనే. అయితే రానూపోనూ దారి బాగుండాలి. ఆ దారి నాది.

సాలూరు

మొదట ఈ పెట్టెని పరీక్షించింది సాలూరులో, లారీ డ్రైవర్లు పడుకునే షెడ్డులో. పొద్దస్తమానం ఘాట్ రోడ్డు మీద లారీ తోలి వచ్చినవాళ్ళు ఏ క్రికెట్టో ఆడతారని మా ఆఫీసు అంచనా. వాళ్ళందరూ కలిసి ఎంచుకున్నది లారీ తోలే ఆట. "ఇందులో ఓనరు ఫోన్ సెయ్యడు మేడమ్మా" అన్నాడు సింహాచలం. ఆ షెడ్డులో వయసులో అందరికంటే పెద్దవాడు, నోరూ పెద్దదే.

రెండు మలుపులు తిరిగాడో లేదో, చేతిలోని మీటల పలక పక్కన పెట్టేశాడు.

"ఏటిది మేడమ్మా! నానిక్కడ బ్రేకు నొక్కితే అది బొంబాయి ఎల్లి, పెద్దోల్లని అడిగొచ్చి, అప్పుడు ఆగతన్నాది. ఈలోగా నా లారీ లోయలో ఉన్నాది."

తమాషా ఏమిటంటే, మా ఏసీ గది అప్పుడు నిజంగానే బొంబాయిలో ఉండేది. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు, దూరానికి నోటికొచ్చిన ఊరి పేరు చెప్పాడంతే. మా జనరల్ మేనేజరు ప్రసాద్ గారు విశాఖపట్నంలో కూర్చుని "అది వాళ్ళ భ్రమ" అన్నారు. ఆయన్ని సాలూరు తీసుకొచ్చి సింహాచలం పక్కన కూర్చోబెట్టాను. ఆయన లారీ కూడా లోయలో పడ్డాక భ్రమ అన్న మాట మానేశారు. తరవాత విశాఖలోనే ఒక గది తీసుకుని కొన్ని యంత్రాలు అక్కడ పెట్టారు. బ్రేకు వేళకి పడింది.

ఇంకోసారి సింహాచలం సాలూరులో ఆట సగంలో ఆపి, లోడుతో విజయనగరం వచ్చి, ఇక్కడ మేం పెట్టె పెట్టిన ఇంకో షెడ్డులో మళ్ళీ ఆట తెరిచాడట. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేశాడు. "వొదిలిన కాడే ఉన్నాది మేడమ్మా లారీ! డీజిలు కూడా ఎవుడూ తియ్యనేదు!" క్లౌడ్ గురించి ఇంతకంటే మంచి ప్రకటన మా కంపెనీ ఎప్పుడూ రాయలేకపోయింది.

ఉప్పు గాలి

కళింగపట్నంలో ఒడ్డుకి దగ్గరగా నూకరత్నం గేముల షాపు ఉంది. రేకుల గది, నాలుగు టీవీలు, ప్లాస్టిక్ కుర్చీలు. మేం వెళ్ళేటప్పటికి ఆమె పాత గేము పెట్టెలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. వాటిలో ఫ్యాను ఉంటుంది. వేడి తగ్గడానికి బయటి గాలి లోపలికి లాగుతుంది. సముద్రం పక్కన బయటి గాలి అంటే సగం ఉప్పే. ఒకటి విప్పి చూస్తే లోపలంతా తెల్లగా పేరుకుపోయి ఉంది. శ్రీకాకుళంలో రిపేరు చేసే అతను "ఇది గేము పెట్టేనా, ఉప్పుచేపల గంపా?" అని వెనక్కి ఇచ్చేశాడట.

మా పెట్టెకి ఫ్యాను లేదు. బరువైన పనంతా విశాఖలో ఏసీలో జరుగుతుంది కాబట్టి ఇక్కడ ఉప్పు తినడానికి పెద్దగా ఏమీ లేదు. ఇలాంటి ఊళ్ళ కోసమే ఈ పద్ధతి పుట్టిందని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

నూకరత్నం పెట్టెల కంటే ముందు తన సంగతి చెప్పింది. భర్త రమణ ఏటా గుజరాత్ వెళ్ళి అక్కడి బోట్ల మీద పనిచేస్తాడు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మా వైపు సర్కారు వేట నిషేధించే రోజులకి ఇంటికి వస్తాడు, అక్కడ సీజను మొదలవగానే కాంట్రాక్టరు మనిషి వచ్చి తీసుకుపోతాడు.

"ఈపాలి వొచ్చినప్పుడు మా పిల్ల ఆడిని సూసి దడిసి ఏడిసినాదమ్మా. అయ్యని సూసి ఏడిసినాది. ఈ ఏడు ఆడిని ఎల్లనివ్వను. షాపు నడిస్తే ఉంతానన్నాడు. నడవకపోతే సంచి సద్దుకుంతాడు. మీ పెట్టె మీదే ఉన్నాది అంతా."

అంత మాట ఎవరైనా అంటే మా ఆఫీసులో "కస్టమర్ అంచనాలు ఎక్కువగా ఉన్నాయి" అని రాస్తారు. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు.

వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి, మగవాళ్ళంతా షాపులోనే ఉన్నారు. లైను దివ్యంగా నడిచింది. పడవ నడిపేవాళ్ళు కారు రేసు ఆడుతుంటే చూడాలి. మలుపు దగ్గర ఒళ్ళంతా వాల్చేస్తారు, పక్క కుర్చీవాడు కింద పడాల్సిందే. రమణ కౌంటరు దగ్గర కూర్చుని, ఒళ్ళో పిల్లని మచ్చిక చేసుకుంటూ, అందరి మీదా అరిచేవాడు. ఒక్క మనిషికే ఇదంతా గిట్టేది కాదు. రమణ తల్లి పోలమ్మ. "సేతులూపుకుంతా కూకుంటే కూడొస్తాదేటి?" అని గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా అనేసి, తన ఎండుచేపల పని చూసుకునేది.

గ్రాఫు గీసేవాళ్ళు

నిషేధం ఎత్తేశారు. పడవలు నీళ్ళలోకి దిగాయి. ఆ వారంలోనే ఆట పాడైంది.

బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోవడం, కారు గోడలో దూరి నిలిచిపోవడం. పొద్దుట మొదలై మధ్యాహ్నం దాకా ఇదే వరస. నూకరత్నం ఫోన్ చేస్తే శ్రీకాకుళం నుంచి మావాళ్ళు జీపులో వెళ్ళేవారు. వాళ్ళు వెళ్ళేటప్పటికి అంతా బాగుండేది. "సమస్య లేదు" అని రాసుకుని, ఒడ్డున కాసేపు గాలి పీల్చుకుని వచ్చేసేవారు. వాళ్ళు ఊరు దాటగానే మళ్ళీ అదే వరస.

ప్రసాద్ గారు దీనికి గ్రాఫు గీయించారు. ఆయన చెడ్డవాడు కాదు. మనిషిని చూస్తే కంగారు, గ్రాఫుని చూస్తే ధైర్యం, అంతే. వాడేవాళ్ళు ఎక్కువైపోయి లైను మీద భారం పడుతోందని తేల్చారు.

"వేట మొదలయ్యాక షాపులో సగం మంది కూడా లేరండీ. అందరూ సముద్రంలో ఉన్నారు" అన్నాను.

"డేటా అబద్ధం చెప్పదు, సరోజిని గారూ."

"అది ఏమీ చెప్పదండీ. మీరు చెప్పిస్తున్నారు."

ఆయన ఇంకో కారణం చూపించారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, వాళ్ళకి ఆడడం రాక లైనుని తిడుతున్నారట. ఆ నెలాఖరుకి కళింగపట్నంలో గేముల లైను ఎత్తేయమన్నారు. అదే సమయానికి కాంట్రాక్టరు మనిషి ఊళ్ళోకి వచ్చాడు. పేర్లు అడుగుతున్నాడని, రమణ అవుననలేదు కాదనలేదని నూకరత్నం ఫోన్లో చెప్పింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే కాస్త నయంగా ఉండేది.

నేను రోజూ పొద్దున్నే ఆమెకి ఫోన్ చేయడం మొదలుపెట్టాను. ఆట ఎలా ఉందని అడిగాక, ఊరి కబుర్లు కూడా అడిగేదాన్ని. అలా కొన్నాళ్ళకి ఒక సంగతి తెలిసింది. సముద్రం పోటుగా ఉండి పడవలు వెళ్ళని రోజున ఆట బాగుంటోంది. చేప దండిగా పడిన మర్నాడు ఆట చచ్చిపోతోంది. ఈ మాట ఆఫీసులో అంటే ప్రసాద్ గారికి తాగుతున్న నీళ్ళు పొలమారాయి. "చేపలకీ మన సిగ్నల్‌కీ సంబంధం ఏమిటండీ?" అన్నారు. నిజమే, నాకూ తెలియదు. సముద్రంలో చేపలు లైను కొరుకుతాయా? మా లైను సముద్రంలో లేదు, ఒడ్డున స్తంభాల మీద ఉంది.

వెళ్ళి చూద్దామనుకున్నాను. జీపు లేదు. మేనేజరు గారి తోడల్లుడి గృహప్రవేశానికి సామాన్లు మోయడానికి వెళ్ళింది.

బస్సు

శ్రీకాకుళంలో పొద్దుటి బస్సెక్కాను. చేపలు అమ్ముకుని ఖాళీ గంపలతో వెనక్కి వెళుతున్న ఆడవాళ్ళు బస్సు నిండా. నాకు ఎవరూ సీటు ఇవ్వలేదు, ఒకావిడ మాత్రం తన గంప నా చేతికిచ్చి పట్టుకోమంది. అదే నాకు జరిగిన స్వాగతం.

బస్సు దిగి షాపు వైపు నడుస్తుంటే, ఒడ్డున రెండు స్తంభాల మధ్య తళతళా మెరుస్తూ ఏదో కనిపించింది. దగ్గరికి వెళ్ళాను. సావళ్ళు. నాడాలా సన్నగా పొడుగ్గా ఉండే చేపలు, తోకలు ముడేసి, ఒకదాని పక్కన ఒకటి, స్తంభం నుంచి స్తంభం దాకా వేలాడుతున్నాయి. తడి ఇంకా ఆరలేదు. అవి వేలాడుతున్నది, మావాళ్ళు చేతికందే ఎత్తులో కట్టిపోయిన మా లైను మీద.

తీగ బరువుకి నడుం దాకా వంగిపోయింది. స్తంభం దగ్గర బిగించిన చోట మోకాలు మడిచినట్టు మడతపడి ఉంది. కింద పోలమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతోంది.

ఈ తీగలో ఉండేది రాగి కాదు, గాజు. లోపల వెలుగు పరిగెడుతుంది. మడతపడితే వెలుగు బయటికి పోతుంది. సినిమాకి దీంతో పెద్ద ఇబ్బంది లేదు, ముందు ముక్కని ముందే తెచ్చి దాచుకుంటుంది. ఆట అలా దాచుకోలేదు. మీరు తరవాత ఏ మీట నొక్కుతారో దానికి తెలియదు కదా. అందుకే ఊళ్ళో మిగతావాళ్ళు ఇదే లైను మీద ఫోన్లో సినిమాలు చూసుకుంటుంటే నూకరత్నం షాపు ఒక్కటే చచ్చింది.

"పోలమ్మప్పా, ఇదేటి?" అన్నాను.

"ఏటేటి? సేపలు."

"తీగ మీద ఏసినావేటి?"

"కిందేస్తే కుక్కలొగ్గుతాయేటి? మీవోల్లు మంచి తాడు కట్టినారు పిల్లా. నున్నగా ఉన్నాది, ఎండకీ వానకీ సివకదు. ఊరంతా మెచ్చుకున్నారు."

"మరి మావాళ్ళు వచ్చినప్పుడల్లా ఏమీ కనపళ్ళేదంటున్నారే?"

పోలమ్మ నా వంక జాలిగా చూసింది. "జీపు మోత ఇనబడగానే తీసెస్తాం గదా! మీవోల్లు సూస్తే తిడతారని. ఊరి మొగలో ఉన్నోల్లు కేకేస్తారు, అందరం పరిగెట్టుకొచ్చి బేగి దులిపేస్తాం. నువ్వు బస్సుకొచ్చినావు, ఎవులికి తెలుస్తాది?"

అక్కడే ఇసకలో కూలబడి నవ్వాను. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక మా జీపు ఎంత? లైను బాగుచేసేవాళ్ళు వచ్చిన ప్రతిసారీ లైను బాగుపడింది. వాళ్ళు నిజమే రాశారు పాపం, సమస్య లేదని.

నవ్వు ఆగాక అడిగాను. "ఇన్ని చేపలు ఎవరికప్పా?"

"ఇంకెవులికి, మా రమణ గాడికి. గుజరాత్ ఎల్తాడు గదా. అక్కడి సేప రుసుండదంతాడు. ఏటేటా ఎండబెట్టి మూట కట్టిస్తాను. ఈ ఏడు ఇంకొన్ని ఎక్కువేసినాను. ఆడు సిక్కిపోనాడు."

కొడుకు రైల్లో తీసుకెళ్ళడానికని ఆమె ఎండబెడుతున్న చేపలే ఆ కొడుకుని రైలెక్కిస్తున్నాయి. దీన్ని సుతిమెత్తగా చెప్పే విద్య నాకు రాదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాను నమ్మను" అంది పోలమ్మ. కర్ర కింద పడేసింది. "నా సేపలేటి, ఆడి టీవీ ఏటి? నన్ను యెర్రిదాన్ని సేత్తన్నావా?"

"అయితే తీసి చూడు."

ఆమె కోపంగానే తీయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క గుత్తీ తీసి గంపలో పడేస్తుంటే తీగ కొంచెం కొంచెంగా పైకి లేచింది. సగం దాటాక షాపులోంచి నూకరత్నం కేక వినబడింది. "అమా! వొచ్చీసినాది! బొమ్మ వొచ్చీసినాది!"

పోలమ్మ ఆగి, నా మొహం చూసింది. గంపలోంచి గుత్తులు తీసి మళ్ళీ తీగ మీద వేసింది. లోపల్నుంచి రమణ గొంతు, "ఒసే, మల్లీ పోనాదే!" మళ్ళీ తీసింది. "ఒచ్చినాది!" ఇలా ఆమెకి నమ్మకం కుదిరేదాకా రమణ లోపల కూర్చుని తిడుతూనే ఉన్నాడు. నా ఉద్యోగం మొత్తంలో ఇంత శ్రద్ధగా పరీక్ష చేసిన మనిషిని చూడలేదు.

ఆఖరి గుత్తి చేతిలో పట్టుకుని పోలమ్మ ఇసకలో కూర్చుండిపోయింది. "ఆడు ఎల్తాడనే అనుకున్నాను పిల్లా. ఎప్పుడూ ఎల్తాడు గదా. ఉంతాడని నానెప్పుడూ అనుకోనేదు" అంది. కళ్ళు తుడుచుకోలేదు, చేతులు చేపల వాసన కదా.

మూట

లైనుని స్తంభం చివరకి ఎత్తించాను. కింద, చేతికందే ఎత్తులో, పోలమ్మకీ మిగతావాళ్ళకీ మంచి నైలాన్ తాడు కట్టించాను. ఏ ఖాతాలో కట్టించానో అడగొద్దు. ప్రసాద్ గారు తరవాత ఏదో సభలో దీన్నే "తీరప్రాంత లైన్ల మీద భార నిర్వహణ" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారట. సావళ్ళ పేరు ఎత్తలేదని విన్నాను. పైవాళ్ళు మీ పని తమ పేరున చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి. లైను ఎత్తేయమన్న ఆర్డరు మాత్రం వెనక్కి తీయించండి. నేను తీయించాను.

గుజరాత్ రైలు రోజున ఏదో చెకింగు వంక పెట్టుకుని వెళ్ళాను, ఈసారీ బస్సులోనే. షాపులో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. రమణ సంచి మాత్రం గుమ్మం పక్కన సర్దే ఉంది. దాని మీద గోనెపట్టా చుట్టిన ఎండుచేపల మూట. ఏటేటా వెళ్ళే మనిషికి మానేయడం అంత తేలిక కాదు. తోటివాళ్ళంతా ఆటోలో కూర్చుని ఉన్నారు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి ఆలస్యమవుతోందని కాంట్రాక్టరు మనిషి హారను కొట్టిస్తున్నాడు.

"ఒరే రమణా, రావేటిరా?"

రమణ లేచాడు. నూకరత్నం కౌంటరు పట్టుకుని నిలబడిపోయింది. ఉండమని అతన్ని అడగలేదు, అడగాల్సినదంతా అప్పటికే అడిగేసింది. నేను టీవీ వెనక వైరు చూస్తున్నట్టు నటించాను.

అప్పుడు పోలమ్మ లోపలికి వచ్చింది. సంచి మీది మూట తీసి, అక్కడే గుమ్మంలో చతికిలబడి, ముడి విప్పింది. సావళ్ళు దులిపి, తలలు తుంచి, చేటలో వేయడం మొదలుపెట్టింది.

"అమా, అది నా మూట" అన్నాడు రమణ.

"తెలుసు. వొంకాయేసి ఒండుతాను." తరవాత ఆటో వైపు తిరిగి గొంతెత్తింది. "బండి పోనియ్యిరా! ఈడు కూడు తినాల."

ఆటో ఇంకాసేపు ఆగి, వెళ్ళిపోయింది. రమణ దాన్ని మలుపు దాకా చూసి, వచ్చి తల్లి పక్కన కూర్చుని తలలు తుంచాడు.

ఆ కూర నేనూ తిన్నాను. ఉప్పు కషాయం. ఆ మాట పైకి అనలేదు. రమణ రెండోసారి వేయించుకుంటున్నాడు, అతని ఒళ్ళో కూర్చున్న పిల్ల అతని కంచంలో చెయ్యి పెట్టి చేప ముక్క లాక్కుంటోంది.